ముఖం సరిపోలలేదు

పక్క మండలంలో మూడేళ్ల పిల్లవాణ్ణి సొంత మేనమామే కొట్టి చంపాడు. చీకట్లో కాదు, చాటున కాదు, పట్టపగలు, నడింట్లో, అన్నం కింద పారబోశాడని. ఊరంతా ముక్కున వేలేసుకుంది. శిశు సంక్షేమ శాఖవారు మాత్రం ముక్కున వేలేసుకుని కూర్చోలేదు. కమిటీ వేశారు.

కమిటీ ఆరు నెలలు శ్రమపడి నూట నలభై పేజీల నివేదిక సమర్పించింది. అందులో పిల్లవాడి పేరు ఎక్కడా లేదు, గోప్యత కోసం. మేనమామ పేరూ లేదు, అది కోర్టువారి విషయం గనుక. కారణం మాత్రం నూట ముప్పై తొమ్మిదో పేజీలో స్పష్టంగా ఉంది. "సదరు బాలునికి అపాయమున్నట్లు తెలియజేయుటకు నిర్ణీత నమూనా లేకపోవుట." అంటే నమూనా ఉండి ఉంటే పిల్లవాడు బతికేవాడన్నమాట. కనుక నమూనా తయారు చేశారు. దానికి 'గడప భద్రం' అని పేరు పెట్టి, ఫోను యాప్‌లోకి కుదించి, జిల్లాలోని అంగన్‌వాడీ టీచర్లందరి చేతుల్లో పెట్టారు.

అలా చేతిలో పెట్టించుకున్నవాళ్లలో గుండ్లమోటు మూడో నంబరు కేంద్రం టీచరు నాంచారమ్మ ఒకతె. ఇరవై రెండేళ్ల సర్వీసు. గుమ్మంలోంచి నడిచొచ్చే పిల్ల నడక చూసి పొద్దున ఇంట్లో ఏమైనా తిన్నదో లేదో చెప్పగలదు. ఆ విద్యకి యాప్‌లో గడి లేదు.

శిక్షణ రోజున ప్రాజెక్టు ఆఫీసరు పినాకపాణి గారు స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడితే సర్క్యులరు చదివినట్టుండేది. సర్క్యులరు చదివితే సంధ్యావందనం చేసినట్టుండేది.

"ఏ గడపలోనైననూ బాలబాలికలకు అపాయమున్నదని మీ దృష్టికి వచ్చినచో ఎర్ర బొత్తాం నొక్కవలెను. నొక్కిన మీదట ఓటీపీ వచ్చును. సదరు ఓటీపీ నమోదు చేసినచో ఫిర్యాదు స్వీకరించబడును" అన్నారు.

నాంచారమ్మ లేచి నిలబడింది. "ఓటీపీ ఎవురికొస్తది సార్?"

"సంరక్షకునికి."

"అంటే... కొట్టినోడికా?"

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. పినాకపాణి గారు నవ్వలేదు. "కొట్టినవాడు అనరాదు. ఆరోపిత సంరక్షకుడు అనవలెను. ఒకరి గడప మీద వారి సమ్మతి లేకుండా ఫిర్యాదు నమోదు చేయుట సహజ న్యాయ సూత్రములకు విరుద్ధం."

"ఆయన చెప్పకపోతేనో?"

"చెప్పలేదనగా సమ్మతి లేదు. సమ్మతి లేదనగా ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేదనగా అపాయం లేదు. అపుడు సదరు గడపకు పచ్చ స్టిక్కరు అతికించవలెను."

సరిగ్గా అప్పుడే టీ, సమోసాలు వచ్చాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. దేనికి కొట్టారో ఎవరూ విడమరచి అడగలేదు.

నాంచారమ్మ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆమె మనసులో ఒక పిల్ల ఉంది. పేరు మోక్షిత, వయసు నాలుగున్నర. తల్లి జ్వరంతో పోయింది. తండ్రి గ్రానైట్ పనికని బళ్లారి వైపు వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని, ఈ సంసారం సంగతి మరిచిపోయాడు. పిల్ల పెదనాన్న సింగయ్య పంచన పడింది. సింగయ్య పాలకేంద్రం సెక్రటరీ. చలవ చొక్కా, నుదుట విభూతి. నోట్లో వేలు పెట్టినా కొరకలేడని ఊళ్లో పేరు. ఇంట్లో ఎలా ఉండేవాడో మోక్షిత వీపు చూస్తే తెలిసేది.

కేంద్రంలో రోజూ మధ్యాహ్నం పిల్లలకి గుడ్డు పెడతారు. మోక్షిత తినేది, కానీ మింగేది కాదు. మొదట్లో పంటినొప్పి అనుకున్నారు. ఓనాడు ఆయా మార్తమ్మ మూతి తుడవబోయి కనిపెట్టింది.

"అయ్యో టీచరమ్మా, ఇది గుడ్డు మింగనే లేదు. బుగ్గలో దాపెట్టింది!"

"ఎందుకే తల్లీ?" అంది నాంచారమ్మ.

పిల్ల గుడ్డుని ఒక బుగ్గలోకి తోసి చెప్పింది. "ఇంటికాడ అన్నం పెట్టనప్పుడు తింటా. చేతిలో ఉంటే పెద్దమ్మ చూస్తది. నోట్లో అయితే చూడదు."

మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. నాంచారమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. అప్పట్నుంచి రోజూ గుడ్డు పెట్టాక ఆ పిల్ల ఎదురుగా కూర్చుని "మింగు తల్లీ, ఇక్కడెవరూ లాక్కోరు" అని చెప్పేది. పిల్ల తలూపేది. మింగేది కాదు.

ఆగస్టులో ఒకరోజు మోక్షిత గౌను విప్పి చూస్తే వీపంతా పైపు వాతలు. మోటారుకి తగిలించే నల్ల పైపు. నాంచారమ్మ ఇంక ఆలోచించలేదు. ఎర్ర బొత్తాం నొక్కింది.

పది నిమిషాల్లో సింగయ్య బండి కేంద్రం ముందు ఆగింది. నవ్వుతూ లోపలికొచ్చాడు.

"టీచరమ్మా, నా ఫోనుకేదో మెసేజీ వచ్చింది. నేను పిల్లని హింస పెడతన్నానంట. ఒప్పుకుంటే ఈ అంకెలు చెప్పమంటంది. నువ్వేగా పంపించింది? రాసుకో మరి. నాలుగు... ఏడు..." అని ఆగి, నుదురు గోక్కున్నాడు. "ఆ తర్వాతియ్యి మర్చిపోయినానే. వయసయిపోతంది."

పిల్ల రెక్క పట్టుకుని బండి మీద కూర్చోబెట్టుకుని పోయాడు. మోక్షిత రెండు రోజులు రాలేదు. మూడో రోజు కుంటుకుంటూ వచ్చింది. నాంచారమ్మ నొక్కిన బొత్తాం ఆ పిల్ల ఒంటి మీద మోగింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన వేలు తానే నరుక్కోవాలనిపించేది.

పోలీసు స్టేషనుకి వెళ్లింది. ఎస్సై మంచివాడు. కుర్చీ వేయించాడు. "శాఖ ఫిర్యాదు నంబరు తెండమ్మా, ఈ నిమిషమే జీపు తీస్తా" అన్నాడు. నంబరు రావాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ సింగయ్య జేబులో ఉంది.

అప్పుడు మార్తమ్మ గోడ మీద పోస్టరు చూపించింది. అందులో నవ్వే పాప పక్కన ఇరవై నాలుగ్గంటల సహాయ నంబరు ఉంది. నాంచారమ్మ డయల్ చేసింది. వీణానాదం వినిపించి, తర్వాత ఒక తీయని గొంతు పలికింది. "మీ ఆవేదన మాకు ముఖ్యం. మీ సమీప గడప మిత్రకు కలుపుతున్నాం." మళ్లీ వీణ. "క్షమించండి. మీరు కోరిన గడప మిత్ర వేరొకరితో మాట్లాడుతున్నారు."

అయిదుసార్లు చేసింది. అయిదుసార్లూ అదే జవాబు.

మార్తమ్మకు ఒళ్లు మండింది. "ఎవతే ఆ గడప మిత్ర? అడ్రసు చెప్పు టీచరమ్మా, జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తా."

నాంచారమ్మ ఫోను వైపు చూస్తూ కూర్చుంది. శిక్షణ రోజున సమోసాతో పాటు ఇచ్చిన గుర్తింపు కార్డు తన మెడలోనే వేలాడుతోంది.

"నేనే మార్తమ్మా" అంది.

వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. "ఒకే దినమున అయిదు పర్యాయములు వచ్చిన ఆపద కాల్స్‌కు గడప మిత్ర అయిన మీరు స్పందించకపోవుట తీవ్ర నిర్లక్ష్యముగా పరిగణించడమైనది. సంజాయిషీ ఇవ్వగలరు." నాంచారమ్మ సంజాయిషీ రాసింది. ఆ సమయంలో తాను ఆపదలో ఉన్నవారితో మాట్లాడే ప్రయత్నంలో ఉన్నాననీ, ఆ ఆపదలో ఉన్నవారు కూడా తానేననీ వివరించింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని జవాబొచ్చింది.

ఈలోగా జిల్లా పచ్చబడుతూ వచ్చింది. తొంభై మూడు శాతం, తొంభై ఆరు, తొంభై తొమ్మిది. వంద తాకితే పినాకపాణి గారికి రాజధానిలో సన్మానం. ఆ ఉత్సాహంలో మండలానికొక 'ఆదర్శ గడప'ను ఎంచాలని ఉత్తర్వు వచ్చింది. ఫిర్యాదే రాని ఇంటికి పది మార్కులు. ఫిర్యాదు వచ్చి కూడా నిలబడని ఇంటికి ఇరవై, అది పరీక్షకు నిలిచిన గడప గనుక. గుండ్లమోటు మండలం మొత్తం మీద పరీక్షకు నిలిచిన గడప ఒక్కటే. సింగయ్యది.

సభ పెట్టారు. శాలువా కప్పారు. ఇత్తడి పలక ఇచ్చారు. సింగయ్య మైకు పట్టుకుని, "పిల్లలంటే నా లెక్కన దేవుళ్లండీ" అని గద్గదంగా మాట్లాడాడు. ఫొటో కోసం మోక్షితను పక్కన నిలబెట్టుకుని, పలక ఆమె చేతుల్లో పెట్టి, మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పలక బరువుకి పిల్ల చేతులు వణికాయి. ముందు వరసలో ఒకాయన "పాపం, సంతోషం పట్టలేకపోతోంది" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న నాంచారమ్మకు అక్కడికక్కడే లేచి ఆ పలక తీసుకుని వాడి నెత్తిన మోదాలనిపించింది. మోదలేదు. మోదితే తన మీద ఫిర్యాదు తీసుకోవడానికి ఏ ఓటీపీ అక్కర్లేదని ఆమెకు తెలుసు.

ఆదర్శ గడపకు ఒక షరతుంది. ఆ ఇంటి పిల్ల కేంద్రానికి ఒక్క రోజు కూడా నాగా పెట్టకూడదు. పెడితే పలక వాపసు. అందువల్లనే ఆ వచ్చిన సోమవారం మోక్షిత కేంద్రానికి రాగలిగింది. లేకపోతే ఆ స్థితిలో ఉన్న పిల్లను ఎవరూ గడప దాటించరు.

ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముఖం ఒక పక్క ఉబ్బి నల్లబడింది. కుడి చెయ్యి మోచేతి కింద నుంచి వేలాడుతోంది. దింపడానికొచ్చిన పెద్దమ్మ గేటు అవతలే నిలబడి "మెట్ల మీంచి పడిందమ్మా" అని కేకేసి వెనుదిరిగింది. వాళ్లింటికి మెట్లే లేవు.

నాంచారమ్మ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఏడవలేదు. ఏడుపును కూడా దాచుకుంటున్నట్టు పళ్లు బిగించి కూర్చుంది. ఇంకొక్కసారి వాడి చేతిలో పడితే ఈ పిల్ల మిగలదని నాంచారమ్మకు రూఢిగా తెలిసింది. పక్క మండలం పిల్లవాడు గుర్తొచ్చాడు. రేపు వీళ్లు వేసే కమిటీ, అది రాసే నూట నలభై పేజీలు, అందులో మోక్షిత పేరు లేకపోవడం కూడా కళ్లకు కట్టాయి.

ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, గుడ్డు పెట్టాలన్నా ముందు హాజరు పడాలి. హాజరు పడాలంటే ముఖం చూపించాలి. ఫోను ఎత్తి పిల్ల ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"ముఖం సరిపోలలేదు."

మళ్లీ పట్టుకుంది. "ముఖం సరిపోలలేదు."

మూడోసారి యాప్ కాస్త కోపంగా, "ఈ ముఖం నమోదైన బిడ్డది కాదు. లబ్ధి నిలిపివేయబడింది" అని, కింద ఆఫీసరు నంబరు ఇచ్చింది.

నాంచారమ్మ ఆ నంబరుకి ఫోను చేసింది. "సార్, మోక్షిత ముఖం వాచిపోయింది. యాప్ తీసుకోవట్లేదు. పిల్లని ఆసుపత్రికి తీసుకుపోవాల."

"యాప్ అంగీకరించనిచో సదరు బాలిక మోక్షిత కాదు" అన్నారు పినాకపాణి గారు.

"మోక్షితే సార్! రెండేళ్ల నుంచి నా ఒళ్లో పెరుగుతన్న పిల్ల, నాకు తెలవదా?"

"మీకు తెలియుట వేరు, నమోదగుట వేరు. మోక్షిత కాదు."

వాదించబోయి నాంచారమ్మ నోరు మూసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆ శాఖలో ఉప్పు తిన్న మనిషి. ఏదో తలుపు కిర్రుమన్నట్టు వినిపించింది ఆమెకు. గొంతు తగ్గించింది.

"అట్టా అయితే సార్, ఈ పిల్ల ఎవురు?"

"గుర్తు తెలియని బాలిక."

"గుర్తు తెలియని పిల్లకి సంరక్షకుడుంటాడా సార్?"

"ఎటులుండును?"

"మరి ఓటీపీ ఎవురికి పోతది?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. చాలాసేపు తిరగేశారు. "పద్నాలుగవ నిబంధన. గుర్తు తెలియని బిడ్డ విషయమున ఓటీపీ ఎవరికీ పోదు. రెండు గంటలలోగా ఆసుపత్రికి, తదుపరి బాలసదనమునకు చేర్చవలెను." ఆయన గొంతులో ఒక్కసారిగా వెలుగొచ్చింది. "పైగా సదరు బాలిక ఏ గడపకును చెందదు గనుక ఏ గడపయు ఎర్రబడదు. మన శాతమునకు భంగం లేదు."

"ఆ ముక్క కాస్త రాసి పంపండి సార్. రేపు నా మీదకు రాకుండా."

ఉత్తర్వు కావాలని అంత భక్తితో ఆయన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు. అయిదు నిమిషాల్లో సంతకంతో సహా వచ్చింది. నాంచారమ్మ అది రెండో పేజీ దాకా చదవలేదు. మార్తమ్మ అప్పటికే ఆటో తెచ్చింది.

ఆసుపత్రిలో చెయ్యికి కట్టు కట్టారు. డాక్టరమ్మ దెబ్బలు చూసి కళ్లొత్తుకుని, "గుర్తు తెలియని బాలికను గుర్తు తెలియని వ్యక్తులు" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసింది. సాయంత్రానికి పిల్ల టౌనులోని బాలసదనంలో మంచం మీద పడుకుంది.

మర్నాడు సింగయ్య పినాకపాణి గారి ఆఫీసుకొచ్చాడు. నాంచారమ్మనూ పిలిపించారు.

"సార్, టీచరమ్మ మా మోక్షిని ఎత్తుకుపోయి సదనంలో పెట్టింది" అన్నాడు సింగయ్య.

"ఆ బాలిక మోక్షిత కాదని యాప్ ధ్రువీకరించినది" అన్నారు పినాకపాణి గారు.

"యాప్‌దేముంది సార్! మొహం కాస్త వాచింది, అందుకని..."

"ఎందువలన వాచినది?"

ఫ్యాను తిరుగుతున్నా సింగయ్య చలవ చొక్కా చెమటతో తడిసింది.

"పోనీ, మీ బాలిక కనబడుట లేదని ఫిర్యాదు ఇచ్చెదరా?" అన్నారు పినాకపాణి గారు ఎంతో మర్యాదగా. "ఇచ్చినచో మీ గడప ఎర్రబడును. పలక వాపసు. ఓటీపీ మీ ఫోనుకే వచ్చును. చెప్పవలసినదియు మీరే."

సింగయ్య జేబులోని ఫోనుని పైనుంచే తడుముకున్నాడు. నాంచారమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ముఖం కనబడితే నవ్వు కనబడుతుందని భయం.

"లేదు సార్" అన్నాడు చివరికి. "మా పిల్ల ఇంట్లోనే ఉంది. భద్రంగానే ఉంది."

"అటులనే నమోదు చేయుచున్నాను."

ఆ రోజు నుంచి లోకంలో ఇద్దరు మోక్షితలు. ఒకతె ఆదర్శ గడపలో భద్రంగా ఉంది. తినదు, ఏడవదు, అన్నం పారబోయదు. ఇంకొకతె సదనంలో కట్టు చెయ్యితో, పేరు లేకుండా ఉంది. "కొట్టుకోమను ఇప్పుడు, ఆ కాయితం పిల్లని" అంది మార్తమ్మ.

ఉత్తర్వు రెండో పేజీ నాంచారమ్మ చదివింది వారం తర్వాత. "గుర్తు తెలియని బాలిక ముఖమును ముప్పయ్యవ దినమున మూడు పర్యాయములు పునఃపరిశీలించవలెను. జిల్లాలో నమోదైన ఏ ముఖముతోనైనను సరిపోలినచో, శాఖ జీపులో, మిఠాయి పొట్లముతో, స్వగృహమునకు చేర్చవలెను. సరిపోలనిచో శాశ్వతముగా గుర్తు తెలియనిదిగా పరిగణించి, సదనమందే కొత్త ముఖముతో, కొత్త పేరుతో నమోదు చేయవలెను."

వాపు పది రోజుల్లో దిగిపోయింది. పదిహేనో రోజుకి చిన్న మూతి, లోతు బుగ్గలు, అచ్చం యాప్‌లోని ఫొటో. పిల్ల కోలుకునేకొద్దీ నాంచారమ్మ గుండె జారిపోయింది. డాక్టరమ్మ రాసిన కాగితం ఏమైందని అడిగితే, అది పిల్ల ఎవరో తేలేదాకా ఆగిందని చెప్పారు. పిల్ల ఎవరో తేలితే ఇంటికి పంపుతారు. పంపాక, పెదనాన్న ఓటీపీ చెబితే, అప్పుడు విచారిస్తారు.

ఇంక ఒకటే దారి. మిగిలిన పదిహేను రోజుల్లో ఆ ముఖాన్ని ఇంకో ముఖం చెయ్యాలి.

నాంచారమ్మ రోజూ కేంద్రం మూసి బస్సెక్కేది. సున్నుండలు, నువ్వుండలు, నెయ్యన్నం, ఉడకేసిన గుడ్లు. వార్డెనమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. మార్తమ్మ వారానికోసారి తనూ వచ్చి, సంతలో కోడిపెట్టను చూసినట్టు పిల్ల బుగ్గలు నొక్కి చూసేది.

"కండ పట్టిందా?" అని అడిగేది నాంచారమ్మ ఆశగా.

"యాడ పట్టింది టీచరమ్మా! నాలుగేళ్ల ఆకలి పదిరోజుల్లో తీరద్దా? ఇంకా రెణ్ణెల్లు పడతది."

ఒక్క మేలు మాత్రం జరిగింది. నాలుగో వారానికి పిల్ల గుడ్డు మింగడం మొదలుపెట్టింది. మొదటిసారి మింగినప్పుడు, తప్పు చేసినట్టు అటూ ఇటూ చూసింది. నాంచారమ్మ బస్సులో ఇంటికొస్తూ దారంతా ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమెంతో భయమెంతో ఆమెకే తెలియలేదు.

ముప్పయ్యో రోజు వచ్చింది. సదనం వరండాలో మోక్షితను కూర్చోబెట్టుకుని నాంచారమ్మ గుడ్డు ఒలిచి రెండు ముక్కలు చేసి చేతికిచ్చింది. యాప్‌లోని ఫొటోకీ ఈ ముఖానికీ తేడా ఏమైనా ఉందా అని మనసులో వెయ్యిన్నొక్కసారి పోల్చి చూసుకుంది. లేదు. ఉన్న తేడాను తల్లి కళ్లే పట్టగలవు, యాప్ పట్టదు.

గేటులోకి శాఖ జీపు వచ్చింది. ముందు సీట్లోంచి పినాకపాణి గారు దిగారు, చేతిలో మిఠాయి పొట్లం. వెనక సీట్లోంచి సింగయ్య దిగాడు. నెల రోజుల నాగా నెలాఖరు లెక్కలో బయటపడి అతని పలకకు గండం వచ్చిపడింది. పిల్ల అత్యవసరం. చలవ చొక్కా, నుదుట విభూతి.

మోక్షిత పెదనాన్నను చూసింది. చెయ్యి ఆగిపోయింది. మరుక్షణం గుడ్డు ముక్కలు రెండూ గబగబా నోట్లోకి పోయాయి. ఒకటి ఈ బుగ్గలో, ఒకటి ఆ బుగ్గలో. పెదవులు బిగిసిపోయాయి.

నాంచారమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది, మింగు తల్లీ అని. రోజూ అనే మాటే. ఈసారి అనలేదు.

"బాలిక నవ్వవలెను" అన్నారు పినాకపాణి గారు ఫోను ఎత్తి.

బాలిక నవ్వలేదు. రెండు బుగ్గలూ బూరెల్లా ఉబ్బి, కళ్లు మాత్రం సింగయ్య చేతుల మీద ఉన్నాయి.

"ముఖం సరిపోలలేదు" అంది ఫోను.

సింగయ్య ముందుకొచ్చాడు. "సార్, అది నోట్లో ఏదో కుక్కుకుంది. దొంగ బుద్ధి, ఎప్పుడూ అంతే. ముందు కక్కించండి!"

పినాకపాణి గారు ఫోను దించి, జేబులోంచి నిబంధనల పుస్తకం తీశారు. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పారు. తిప్పి తిప్పి, కళ్లద్దాల పైనుంచి సింగయ్యను చూశారు.

"నిబంధనలలో నోటి ప్రస్తావన లేదు."

"సార్, అది కాదు, కళ్లెదురుగా కనబడతంటే..."

"'ముఖమును ఉన్నది ఉన్నట్లుగా తీయవలెను, తాకరాదు' అని మాత్రమే ఉన్నది. నోరు తెరిపించుట తాకుట కిందికి వచ్చును. నేను నిబంధనను అతిక్రమించజాలను."

రెండోసారి తీశారు. సరిపోలలేదు. మూడోసారి తీశారు. మోక్షిత ఊపిరి కూడా బిగబట్టింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవులు మాత్రం విడివడలేదు.

"ముఖం సరిపోలలేదు. కొత్త ముఖం నమోదైంది."

"శుభం" అన్నారు పినాకపాణి గారు. "ఏ గడపకును భంగం లేదు. నూటికి నూరు. సదరు బాలికకు ఒక నామధేయం సూచించగలరు."

"మోక్షిత అని పెట్టండి సార్" అంది నాంచారమ్మ.

"ఆ పేరున ఆదర్శ గడపలో ఒక బాలిక భద్రముగా ఉన్నది. గందరగోళం వచ్చును. పోనిండు, మోక్షిత రెండు అని రాయుచున్నాను." రాసి, మిఠాయి పొట్లం ఎవరికివ్వాలో నిబంధనల్లో లేనందున దాన్ని తిరిగి జీపులో పెట్టించారు. సింగయ్య పిల్ల వైపు ఒక అడుగు వేశాడు. వరండా మెట్టు మీద అడ్డంగా కూర్చున్న మార్తమ్మ లేవలేదు. "గుర్తు తెలియని పిల్లతో నీకేం పనయ్యా?" అంది. అతను జీపెక్కాడు.

జీపు గేటు దాటింది. నాంచారమ్మ పిల్లను దగ్గరకు లాక్కుంది.

"అయిపోయింది తల్లీ. ఇంక నిన్నెవరూ తీసుకుపోరు. మింగు."

పిల్ల మింగలేదు. ఆమె చేతుల్లోంచి జారి, మెట్లు దిగి, గేటు దాకా నడిచింది. కమ్మీలు పట్టుకుని రోడ్డు మీదకు వంగి చూసింది. జీపు పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. తిరిగాక వెనక్కి వచ్చి, నాంచారమ్మ ఎదురుగా కూర్చుని, ముందు ఈ బుగ్గలోది, తర్వాత ఆ బుగ్గలోది, నమిలి మింగింది.